డెత్ మాగ్నెటిక్: ఒకే ఆల్బం, రెండు చప్పుళ్ళు

ఏ రాక్ బృందమైనా ఇరవై ఏళ్ళు దాటి నిలబడిందంటే దాని అభిమానులు రెండు వర్గాలైపోవడం మామూలే. మునుపటిలా లేదు అనేవాళ్ళు ఒకవైపు, మునుపటిలాగే ఎందుకుండాలి అనేవాళ్ళు ఇంకోవైపు. కొత్త ఆల్బం వచ్చినప్పుడల్లా ఇదే తగువు కొత్త పేర్లతో మళ్ళీ మొదలవుతుంది. దీన్నుంచి మనం నేర్చుకునేది పెద్దగా ఉండదు, ఎందుకంటే ఇది చివరికి ఎవరి యవ్వనం ఏ ఏడాదిలో గడిచిందన్న లెక్క దగ్గరే ఆగుతుంది.

2008 సెప్టెంబర్ 12న మెటాలికా విడుదల చేసిన 'డెత్ మాగ్నెటిక్' మీద జరిగిన తగువు అలాంటిది కాదు. పాటలు బాగున్నాయని ఒప్పుకున్నవాళ్ళే ఇక్కడ రెండుగా చీలిపోయారు. పాత మెటాలికా తిరిగొచ్చిందని సంబరపడ్డవాళ్ళలోంచే, ఈ సీడీని పూర్తిగా వినలేకపోతున్నాం, మళ్ళీ మిక్స్ చేసి ఇవ్వండి అని సంతకాల సేకరణ మొదలుపెట్టినవాళ్ళు వచ్చారు. తమ మాటకి రుజువుగా వాళ్ళ దగ్గర ఒక వీడియో గేమ్ ఉంది! రాక్ సంగీతం చరిత్రలో శ్రోతల అభిప్రాయ భేదం ఇంత స్పష్టంగా కొలతకి దొరికిన సందర్భాలు తక్కువ. కొలత దొరికాక కూడా తగువు తీరకపోవడం ఇంకా ఆసక్తికరమైన సంగతి.

కొంచెం వెనక్కి వెళ్ళాలి. జేమ్స్ హెట్‌ఫీల్డ్, లార్స్ ఉల్రిక్ కలిసి 1981లో లాస్ ఏంజెలెస్‌లో మొదలుపెట్టిన బృందం మెటాలికా. 1986లో వచ్చిన 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' వాళ్ళని థ్రాష్ మెటల్‌కి పెద్ద దిక్కుని చేసింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో స్వీడన్‌లో జరిగిన బస్సు ప్రమాదంలో బేస్ వాయించే క్లిఫ్ బర్టన్ చనిపోయాడు. ఆ తర్వాత వచ్చిన దాదాపు ప్రతి ఆల్బంతోనూ అభిమానులకి ఏదో ఒక పేచీ ఉంటూనే వచ్చింది. 1991 నాటి నల్ల అట్ట ఆల్బం వేగం తగ్గించి కోట్ల ప్రతులు అమ్ముడుపోయింది. 1996లో 'లోడ్' వచ్చినప్పుడు వాళ్ళు జుట్టు కత్తిరించుకోవడం కూడా ద్రోహంగానే కనిపించింది కొందరికి. 2000లో నాప్‌స్టర్ మీద కేసు వేసి, తమ పాటలు పంచుకున్న 3 లక్షలకు పైగా వాడుకరుల పేర్ల జాబితాని ఆ కంపెనీకి అందజేయడంతో, బృందానికీ శ్రోతలకీ మధ్య వ్యవహారం బాగా చెడింది.

ఈ పేచీల్లో ఎక్కువ భాగం పాటల గురించీ, వేషాల గురించీ, డబ్బు గురించీ. వీటికి పక్కనే ఇంకో వరస ఫిర్యాదులున్నాయి. అవి పాట గురించి కాదు, పాట వినిపించే తీరు గురించి.

మొదటిది 1988 నాటి '...అండ్ జస్టిస్ ఫర్ ఆల్'. క్లిఫ్ బర్టన్ స్థానంలోకి వచ్చిన జేసన్ న్యూస్టెడ్ వాయించిన బేస్ ఆ ఆల్బంలో దాదాపు వినిపించదు. మిక్సింగ్ చేసిన ఇద్దరిలో ఒకడైన స్టీవ్ థాంప్సన్ తర్వాతి ఇంటర్వ్యూలలో చెప్పినదాన్ని బట్టి, దాన్ని అంతలా తగ్గించమన్నది లార్స్ ఉల్రిక్. రెండోది 2003 నాటి 'సెయింట్ యాంగర్'. ఉల్రిక్ తన స్నేర్ డ్రమ్ అడుగున ఉండే తీగల్ని వదులు చేసి వాయించాడు. ఆ తీగలు చర్మానికి తగిలితేనే స్నేర్‌కి ఆ చురుకైన చప్పుడు వస్తుంది. అవి లేకపోయేసరికి ఖాళీ రేకు డబ్బాని కొట్టినట్టుంది. డెబ్బై అయిదు నిమిషాల ఆల్బం నిండా అదే మోత, ఒక్క గిటార్ సోలో కూడా లేదు. న్యూస్టెడ్ వెళ్ళిపోయి, హెట్‌ఫీల్డ్ తాగుడు మానడానికి చికిత్సకి వెళ్ళి, బృందం మొత్తం ఒక సలహాదారుని పక్కన కూర్చోబెట్టుకుని తమలో తాము మాట్లాడుకోవడం నేర్చుకుంటున్న రోజులవి. 2004లో వచ్చిన 'సమ్ కైండ్ ఆఫ్ మాన్‌స్టర్' డాక్యుమెంటరీలో ఇదంతా చూడొచ్చు. ఆ కథ తెలిశాక ఆ రేకు చప్పుడు మీద జాలి కలగొచ్చు గానీ, చెవికి మాత్రం అది రేకు చప్పుడే.

1988లో శ్రోతలు చేయగలిగింది గొణుక్కోవడమే. బేస్ ఎక్కువగా ఉంటే ఆ ఆల్బం ఎలా ఉండేదో వినిపించడానికి వాళ్ళ దగ్గర ఇంకో ప్రతి లేదు. ఇరవై ఏళ్ళ తర్వాత సరిగ్గా ఆ ఇంకో ప్రతే దొరికింది.

'సెయింట్ యాంగర్' తర్వాత మెటాలికా తమతో పుష్కరం పైగా పనిచేసిన నిర్మాత బాబ్ రాక్‌ని పక్కన పెట్టి రిక్ రూబిన్‌ని తెచ్చుకుంది. 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' చేసిన రోజుల్లో ఎలా ఆలోచించేవారో గుర్తు చేసుకోమని రూబిన్ వాళ్ళకి చెప్పాడట. ఫలితం 'డెత్ మాగ్నెటిక్'. పది పాటలు, డెబ్బై నాలుగు నిమిషాలకు పైనే. ఏడెనిమిది నిమిషాల పాటలు తిరిగొచ్చాయి, గిటార్ సోలోలు తిరిగొచ్చాయి, పది నిమిషాలకి దగ్గరగా సాగే 'సూసైడ్ అండ్ రిడెంప్షన్' అనే గాత్రం లేని పాట కూడా ఉంది. కొత్తగా చేరిన బేస్ వాద్యకారుడు రాబర్ట్ ట్రుహీయోకి ఇది ఈ బృందంతో మొదటి పూర్తి ఆల్బం. అమెరికాలో మొదటి మూడు రోజుల్లోనే సుమారు 4,90,000 ప్రతులు అమ్ముడై, పట్టికలో మొదటి స్థానానికి చేరింది. విమర్శకులు ఎక్కువమంది మెచ్చుకున్నారు. 'మై అపోకలిప్స్'కి గ్రామీ వచ్చింది, రూబిన్‌కి ఆ ఏటి నిర్మాతగా గ్రామీ వచ్చింది.

ఇంత ఆదరణ మధ్యలోనే కొందరు శ్రోతలు ఒక మాట అనడం మొదలుపెట్టారు. నాలుగో పాట దగ్గరికొచ్చేసరికి చెవులు అలసిపోతున్నాయి. డ్రమ్ దెబ్బ పడినచోట చిటపటమంటోంది. వాల్యూం తగ్గించినా ఆ గరగర పోవడం లేదు. మొదట దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. హెవీ మెటల్ కొనుక్కుని గట్టిగా ఉందని ఫిర్యాదు చేయడమేమిటి, మిరపకాయ బజ్జీ కారంగా ఉందన్నట్టు!

అదే రోజుల్లో 'గిటార్ హీరో 3' గేమ్ ఆడేవాళ్ళ కోసం ఈ ఆల్బం మొత్తాన్ని విడిగా అమ్మారు. ఆ ఆటలో ప్లాస్టిక్ గిటార్ పట్టుకుని తెర మీద వచ్చే రంగు గుర్తులకి సరిగ్గా మీటలు నొక్కాలి. తప్పు నొక్కితే పాటలో ఆ గిటార్ ఒక్కటే ఆగిపోతుంది, మిగతా వాద్యాలు సాగుతాయి. ఇది కుదరాలంటే గేమ్ తయారుచేసేవాళ్ళకి గిటార్, డ్రమ్స్, గాత్రం వేరువేరు ఫైళ్ళుగా ఉండాలి. అలా ఇచ్చిన ఫైళ్ళు, సీడీకి వెళ్ళిన మిక్స్ దాటిన చివరి దశలు దాటలేదు. గేమ్‌లోని పాటని రికార్డు చేసి సీడీ పాట పక్కన పెట్టి చూసినవాళ్ళకి తేడా కళ్ళకే కనబడింది. గేమ్ ప్రతి బొమ్మలో డ్రమ్ దెబ్బలన్నీ ముళ్ళలా పైకి లేచి ఉన్నాయి. సీడీ ప్రతి మొదటినుంచి చివరిదాకా ఇటుక గోడలా ఒకే మందాన ఉంది. ఒక బ్రిటిష్ మాస్టరింగ్ ఇంజనీరు దీన్ని కొలిచి, సీడీ సుమారు 10 డెసిబెళ్ళు గట్టిగా ఉందని రాశాడు. చెవికి పది డెసిబెళ్ళంటే దాదాపు రెట్టింపు గట్టిదనం.

ఈ గోడ ఎలా తయారవుతుందో చెప్పుకుంటే తప్ప మిగతా తగువు అర్థం కాదు. సీడీలో శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతనీ 16 బిట్ల సంఖ్యగా రాస్తారు. ప్రోగ్రాములు రాసేవాళ్ళకి తెలిసిన సంఖ్యే ఇది: పైన 32,767, కింద మైనస్ 32,768. అంతకి మించి రాయడానికి చోటు లేదు. శబ్ద తరంగం శిఖరం ఆ కప్పు దాటిపోతే దాని తల తెగిపోయి చదునవుతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. మన పెళ్ళి పందిళ్ళలో మైకుసెట్టువాడు మీట చివరిదాకా తిప్పితే సన్నాయి కాస్తా గీపెట్టడం మొదలవుతుంది చూశారా, సూత్రం అదే. శక్తికి మించి అడిగితే యంత్రం తరంగం తలని కోసేస్తుంది.

కప్పు ఎత్తు పెంచలేం కాబట్టి, పాట గట్టిగా వినిపించాలంటే ఒకటే దారి. శిఖరాల్ని నొక్కేసి, ఆ మిగిలిన జాగాలోకి మొత్తాన్ని పైకి లేపడం. కంప్రెసర్, లిమిటర్ అనే పరికరాలు చేసేది ఈ పనే. కొంత మేరకు ఇది అందరూ చేసేదే, అవసరమైనదే. హద్దు దాటితే మెల్లని చోటికీ గట్టి చోటికీ తేడా పోతుంది. హెవీ మెటల్‌కి ఇందులో ఇంకో ఇబ్బంది ఉంది. ఆంప్లిఫయర్‌లో చీల్చిన గిటార్ శబ్దం ముందే చదునుగా, గోడలా ఉంటుంది. ఆ గోడ మీద ఎగుడుదిగుడు ఏదైనా ఉందంటే అది డ్రమ్ దెబ్బల వల్లే. ఆ దెబ్బల్ని కూడా నొక్కేస్తే పాటలో ఊపిరి తీసుకునే చోటు ఉండదు. ఏ దెబ్బ కోసం వాల్యూం పెంచుకుంటామో ఆ దెబ్బే తేలిపోతుంది.

ఇది ఎవరి పని అన్న ప్రశ్నకి అనుకోని చోటినుంచి సమాధానం వచ్చింది. న్యూయార్క్‌లోని స్టెర్లింగ్ సౌండ్‌లో ఈ ఆల్బంకి మాస్టరింగ్ చేసిన టెడ్ జెన్సెన్‌కి ఒక అభిమాని మెయిల్ రాస్తే, తన దగ్గరికి వచ్చేసరికే మిక్సులు నొక్కేసి ఉన్నాయని, ఈ పని తనకేమీ గర్వకారణం కాదని అర్థం వచ్చేలా ఆయన జవాబిచ్చాడు. ఆ జవాబు బయటికి పొక్కింది. సంతకాలు 10,000 దాటాయి. 'వాల్ స్ట్రీట్ జర్నల్' దీని మీద కథనం వేసింది. ఉల్రిక్ మాత్రం ఒప్పుకోలేదు. ఇది 2008, మేం రికార్డులు ఇలాగే చేస్తాం, నా కారులో విన్నాను, అదిరిపోయింది అన్న ధోరణిలో మాట్లాడాడు.

ఆ మాటని కొట్టిపారేయడం తేలిక. కానీ మెటాలికా పక్షాన నిలబడ్డ శ్రోతలు అడిగిన ప్రశ్నలో బలముంది. అసలు రాక్ గిటార్ శబ్దమే ఒక లోపం లోంచి పుట్టింది కదా? 1964లో కింక్స్ బృందం గిటారిస్ట్ డేవ్ డేవిస్ తన ఆంప్లిఫయర్ స్పీకర్‌ని బ్లేడుతో కోసి ఆ చిరిగిన శబ్దం తెచ్చాడు. బర్మింగ్‌హామ్ రేకుల ఫ్యాక్టరీలో వేళ్ళ కొసలు పోగొట్టుకున్న టోనీ అయోమీ తీగల్ని వదులు చేసుకుని వాయిస్తే బ్లాక్ సబ్బాత్ గంభీర నాదం వచ్చింది. ఆనాటి సౌండ్ ఇంజనీర్లు తప్పు అనేవాటిని పేర్చుకుంటూ పోతేనే హెవీ మెటల్ అయింది. అలాంటప్పుడు 'డెత్ మాగ్నెటిక్' గరగర మాత్రం తప్పని ఎవరు తేల్చాలి? నిజంగానే ఆ కరుకుదనం నచ్చినవాళ్ళున్నారు. గేమ్ ప్రతి విన్నాక, ఇది శుభ్రంగా ఉంది గానీ ఇందులో కోపం లేదు అన్నవాళ్ళూ ఉన్నారు.

ఈ వాదన నాకు సగం దూరం వరకే నచ్చుతుంది. డేవిస్ కోసింది తన గిటార్ స్పీకర్‌ని. పక్కనున్న గాయకుడి గొంతుని, డ్రమ్ముల్ని కోయలేదు. చీలిన గిటార్ పక్కన చీలని డ్రమ్ ఉంటేనే ఆ చీలికకి విలువ. మిక్స్ మొత్తం కప్పుకి కొట్టుకుంటే అన్ని వాద్యాలూ కలిసి ఒకే గరగర అవుతాయి. అందులో ఏది ఎవరు కోరుకున్న శబ్దమో, ఏది మిగులు శబ్దమో చెప్పలేం. పైగా 'ద డే దట్ నెవర్ కమ్స్' లాంటి పాట మెల్లగా మొదలై ఉధృతంగా ముగిసేలా కట్టింది. మెల్లని భాగానికీ ఉధృతానికీ మధ్య ఎత్తు తగ్గించేస్తే, ఆ పాటని కట్టినవాళ్ళే దాని మెట్లు తీసేసినట్టు. అంటే ఇక్కడ నష్టపోయింది శ్రోత చెవి ఒక్కటే కాదు, పాట నిర్మాణం కూడా.

అయినా ఎందుకు చేస్తారు? పక్కపక్కనే రెండు పాటలు వినిపిస్తే కొంచెం గట్టిగా ఉన్నదే మొదట బాగున్నట్టు అనిపించడం మనిషి చెవి గుణం. రేడియోలో మన పాట అవతలివాళ్ళ పాట కన్నా చిన్నగా వినబడకూడదన్న భయం దానికి తోడు. పాత వినైల్ రికార్డుకి భౌతికమైన హద్దుండేది, గాడి ఒంపులు మరీ పెద్దవైతే సూది ఎగిరిపోతుంది. సీడీకి ఆ బెడద లేదు. 90లలో డిజిటల్ లిమిటర్లు వచ్చాక ఏటేటా గట్టిదనం పెరుగుతూ పోయింది. రూబిన్ నిర్మించిన రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ 'కాలిఫోర్నికేషన్' మీద 1999 నుంచే ఈ ఫిర్యాదుంది. ఇంకా దుఃఖకరమైన ఉదాహరణ కెనడా బృందం రష్. డ్రమ్మర్ నీల్ పీర్ట్ 1997లో కూతుర్ని, 1998లో భార్యని పోగొట్టుకుని, వాయించడం మానేసి, మళ్ళీ తిరిగొచ్చి చేసిన ఆల్బం 2002 నాటి 'వేపర్ ట్రెయిల్స్'. ఆ మనిషి తిరిగొచ్చి వాయించిన డ్రమ్ములే ఆ మిక్సులో నలిగిపోయాయి. అయితే రష్ తమ అసంతృప్తిని దాచుకోలేదు. 2013లో ఆల్బం మొత్తాన్ని మళ్ళీ మిక్స్ చేయించి విడుదల చేశారు.

మెటాలికా ఆ పని చేయలేదు. 2018లో 'జస్టిస్' ఆల్బంని మళ్ళీ విడుదల చేసినప్పుడు కూడా బేస్ పెంచలేదు. ఒక ఆల్బం ఆ ఏడాది మేం ఎలా ఉన్నామో చెప్పే గుర్తు, దాన్ని దిద్దకూడదన్నది వాళ్ళ నమ్మకం. ఈ నమ్మకంలో ఒక నిజాయితీ ఉంది. కానీ శ్రోతలు ఈలోపల ఊరుకోలేదు. గేమ్ నుంచి తీసిన విడి ఫైళ్ళతో 'డెత్ మాగ్నెటిక్'ని తమకి నచ్చినట్టు మళ్ళీ మిక్స్ చేసుకుని పంచుకున్నారు. 'జస్టిస్'కి బేస్ పెంచిన ప్రతులు చేసుకున్నారు, 'సెయింట్ యాంగర్' పాటల్ని మామూలు స్నేర్‌తో తిరిగి వాయించి చూసుకున్నారు. ఎనిమిదేళ్ళ కింద ఫైళ్ళు పంచుకున్నందుకు బృందం ఎవరి మీద మండిపడిందో, ఆ శ్రోతలే ఇప్పుడు ఫైళ్ళు పట్టుకుని బృందం చెవిని ప్రశ్నిస్తున్నారు. ఒక ఆల్బం ఎప్పుడు పూర్తయిందో చెప్పే హక్కు స్టూడియోదే అన్న పాత ఒప్పందం ఇక్కడ చెదిరింది. ఈ వివాదంలో అసలు పణం అదేనని నా ఉద్దేశం.

ఈ గట్టిదనం పోటీ తర్వాత దానంతటదే చాలావరకు చల్లబడింది, అదీ సంగీతకారుల వల్ల కాదు. ప్రసారాల్లో గట్టిదనాన్ని కొలిచే పద్ధతికి 2006లో అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. 2010లో యూరప్ ప్రసార సంస్థలు తమ నియమం పెట్టుకున్నాయి. ఇప్పుడు స్పాటిఫై, యూట్యూబ్ లాంటివి పాటల్ని ఇంచుమించు ఒకే స్థాయిలో వినిపించడానికి గట్టివాటిని తగ్గిస్తాయి. అంటే 2008లో పది డెసిబెళ్ళ కోసం పెట్టిన ఖర్చంతా ఇప్పుడు యాప్ వెనక్కి తీసేసుకుంటుంది. గట్టిదనం పోతుంది గానీ కోసిన తలలు మాత్రం తిరిగి మొలవవు. 2015లో ఐట్యూన్స్ కోసం చేసిన ప్రతి కొంచెం ఊపిరాడేలా ఉంటుంది, పెద్దగా ప్రకటించకుండానే వచ్చింది.

ఇంతకీ 'డెత్ మాగ్నెటిక్' మంచి ఆల్బమా? మంచిదే. మంచిది కాబట్టే అంత గొడవ జరిగింది. నచ్చని ఆల్బంని మళ్ళీ మిక్స్ చేయమని పదివేల మంది సంతకాలు పెట్టరు, పక్కన పడేస్తారు. మీటరు చూపించిన అంకెలు శబ్దం ఎక్కడ చెడిందో కచ్చితంగా చెప్పాయి. ఆ చెడుని క్షమించి పాట వినాలా వద్దా అన్నది మాత్రం అంకె చెప్పలేదు, అందుకే రెండు వర్గాలూ ఇప్పటికీ మిగిలున్నాయి. మీరు ఎటువైపో తేల్చుకోవాలంటే రెండు ప్రతులూ వినండి. కాకపోతే సీడీ ప్రతి వాల్యూం తగ్గించి, రెండూ చెవికి సమానంగా వినిపించేలా పెట్టుకుని మరీ వినండి. లేకపోతే గట్టిగా ఉన్నదే గెలుస్తుంది, అప్పుడు మీ అభిప్రాయం మీది కాకుండా మీ చెవి బలహీనతది అవుతుంది.